ఏసీ నడుస్తున్నా బూజు పడుతోందా? ఇంటి మొత్తానికి ఒకే డీహ్యూమిడిఫైయర్ పెట్టించుకునే పద్ధతి

హ్యూస్టన్, డాలస్, అట్లాంటా, షార్లెట్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల దగ్గర తరచుగా వినపడే ఫిర్యాదు ఇది: ఇల్లు చల్లగానే ఉంది, కానీ క్లోజెట్ తలుపు తీస్తే ముక్కిన వాసన. తోలు చెప్పుల మీద తెల్లటి నూగు. ఏసీ గాలి వచ్చే గ్రిల్ చుట్టూ నల్ల చుక్కలు. తుడిస్తే పోతాయి, మూడు వారాలకు మళ్లీ వస్తాయి.

ఏసీకి ఇంట్లో తేమతో నిమిత్తం లేదు. థర్మోస్టాట్ వేడిని మాత్రమే చూస్తుంది. గది 75 డిగ్రీలకు రాగానే ఏసీని ఆపేస్తుంది. బయట 98 ఉన్న మధ్యాహ్నం ఏసీ గంటలకొద్దీ తిరుగుతుంది కాబట్టి తేమ కూడా బాగానే లాగుతుంది. చిక్కు వచ్చేది ఎండ లేని ఉక్కలో: ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు, ముసురు పట్టిన రోజులు, రాత్రుళ్లు. బయట 73 డిగ్రీలే, కానీ గాలి నీళ్లోడుతూ ఉంటుంది. ఏసీకి పని లేదు, తేమ లోపలికి వస్తూనే ఉంటుంది. ఇంటి సైజుకు మించిన టన్నేజీ ఏసీ ఉంటే ఎండాకాలంలోనూ ఇదే తంతు, ఎందుకంటే అది ఏడెనిమిది నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది. ఏసీ లోపలి చల్లటి గొట్టాల చుట్ట (కాయిల్) మీద చేరిన నీళ్లు కిందికి కారే లోపే ఆట ముగుస్తుంది. గాలిలో తేమను నీళ్లుగా తీసేసే యంత్రమే డీహ్యూమిడిఫైయర్. ఏసీ గాలి గొట్టాలకు, అంటే డక్టులకు, కలిపి పెట్టే ఈ యంత్రం పని ఆ ఏసీ నడవని గంటల్లో. అంతకుమించి దాని నుంచి ఆశిస్తే నిరాశే మిగులుతుంది.

ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లో, నీటి కొలత అమెరికా పింట్లలో. ఒక పింటు అంటే సుమారు 473 మిల్లీలీటర్లు.

ముందు కొలవండి

పది పదిహేను డాలర్ల డిజిటల్ హైగ్రోమీటర్లు (తేమ కొలిచే మీటర్లు) నాలుగు తెప్పించండి. వాటి అంకెను గుడ్డిగా నమ్మొద్దు. 4, 5 శాతం తేడా చూపడం మామూలే. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు పోసి, తడి ఇసుకలా ముద్దయ్యేంత నీళ్లు చిలకరించండి. కరిగి నీళ్లయిపోకూడదు. దాన్ని, మీటర్లను కలిపి జిప్‌లాక్ సంచిలో పెట్టి మూసి, గది వేడిలో ఒక రోజు వదిలేయండి. లోపల గాలి తేమ 75 శాతానికి చేరుతుంది. మీటరు 71 చూపితే దానికి ఎప్పుడూ 4 కలుపుకోవాలని దాని వెనకే స్కెచ్ పెన్నుతో రాసేయండి.

ఒకటి హాల్లో, ఒకటి బయటి గోడకు ఆనుకున్న క్లోజెట్‌లో, ఒకటి అన్నిటికంటే చల్లగా ఉండే పడకగదిలో, ఒకటి పైఅంతస్తులో పెట్టి వారం రోజులు పొద్దున, సాయంత్రం రాసుకోండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే హద్దు 60 శాతం లోపు, వీలైతే 30 నుంచి 50 మధ్య. ఇల్లంతా 60 దాటుతుంటే ఈ యంత్రం గురించి ఆలోచించాల్సిందే. ఒక్క గదిలోనే 65 ఉండి మిగతా ఇల్లంతా 50 ఉంటే అక్కడ వేరే కథ నడుస్తోంది: పైపు లీకు, మూసేసిన గ్రిల్, ఎప్పుడూ తెరవని తలుపు. దానికి రెండు మూడు వేల డాలర్ల యంత్రం అక్కర్లేదు.

శాతంతో పాటు డ్యూ పాయింట్ కూడా చూడటం అలవాటు చేసుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. గాలి ఏ వేడి దగ్గరికి చల్లబడితే నీటి చుక్కలు కడుతుందో అదే డ్యూ పాయింట్. 75 డిగ్రీల గదిలో 50 శాతం తేమ ఉంటే అది 55. 60 శాతం ఉంటే 60. ఏసీ గ్రిల్ నుంచి వచ్చే గాలి 55 దగ్గర ఉంటుంది. అందుకే 60 శాతం తేమ ఉన్న ఇంట్లో గ్రిల్ ఇనుము చెమర్చుతుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్మే బూజుకు తిండి. చెమర్చేదాకా కూడా ఆగక్కర్లేదు. అదే గదిలో 66 డిగ్రీలకు చల్లబడిన గోడ దగ్గర గాలి తేమ 80 శాతం దాటుతుంది, బూజుకు అది చాలు.

ఉక్కగా ఉందని థర్మోస్టాట్‌ను 68కి దించడం ఎందుకు బెడిసికొడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. గాలిలో నీళ్లు అంతే ఉండి గది మాత్రం 75 నుంచి 68కి దిగితే, 60 శాతం కాస్తా 75 అవుతుంది.

యంత్రం కొనకముందు చేయాల్సినవి

నీళ్లు కారే చోట డీహ్యూమిడిఫైయర్ పెట్టడం దండగ. వాన నీళ్ల గట్టర్లు ఊడ్చి, డౌన్‌స్పౌట్ చివర నీళ్లు గోడకు కనీసం ఐదారు అడుగుల దూరంలో పడేలా పొడిగింపు పెట్టండి. ఇంటి చుట్టూ మొదటి పది అడుగుల్లో నేల ఆరు అంగుళాలు వాలు ఉండాలి. పూలమడికి పోసిన మల్చ్ ఈ వాలును ఎదురు దిశలో పెంచుతుంటుంది, చూసుకోండి.

ఆ తర్వాత పైసా ఖర్చు లేని పని ఒకటి: థర్మోస్టాట్‌లో ఫ్యాన్ 'ఆన్' మీద ఉంటే 'ఆటో'కి మార్చండి. కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాన్ తిరిగితే కాయిల్ మీద ఉన్న నీళ్లన్నీ ఆవిరై మళ్లీ ఇంట్లోకే వస్తాయి. గాలి తిరుగుతూ ఉంటే మంచిదని 'ఆన్'లో ఉంచే ఇళ్లు బోలెడు. ఆ ఒక్క మార్పుతో నాలుగైదు శాతం దిగిన ఇళ్లున్నాయి. ఏసీ టెక్నీషియన్ వచ్చినప్పుడు టన్నుకు ఎంత గాలి వెళ్తోందో అడగండి. మామూలుగా టన్నుకు 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి) పెడతారు. తేమ ఎక్కువున్న ఊళ్లలో 350కి తగ్గిస్తే కాయిల్ ఇంకా చల్లబడి ఎక్కువ నీళ్లు పిండుతుంది. 350 కంటే తగ్గించొద్దు, కాయిల్ గడ్డకట్టే ప్రమాదం ఉంది.

వంటింటి సంగతి. పొయ్యి పైన మైక్రోవేవ్‌తో కలిపి వచ్చే హుడ్లలో చాలా వాటికి బయటికి పైపు ఉండదు. జిడ్డును జాలీలో పట్టి, ఆవిరిని మన మొహం మీదికే ఊదుతాయి. కుక్కర్ విజిళ్లు, ఇడ్లీ పాత్ర, గంటసేపు మరిగే చారు, వీటి ఆవిరంతా ఇంట్లోనే. బయటికి పోయే హుడ్ ఉండి తీరాలి. అలాగని 900 సీఎఫ్ఎం హుడ్ పెట్టి తాలింపు వేసిన ప్రతిసారీ ఫుల్ స్పీడులో తిప్పితే, అది బయటికి నెట్టినంత గాలినీ సందుల్లోంచి లోపలికి లాగుతుంది; ఆ వచ్చేది బయటి తడి గాలి. 400 సీఎఫ్ఎం దాటిన హుడ్‌కు బదులు గాలి వచ్చే ఏర్పాటు ఉండాలని అమెరికా ఇళ్ల కోడ్ అడగడం ఊరికే కాదు. ఆవిరికి తక్కువ స్పీడు చాలు, వెనక పొయ్యి మీద పెట్టుకోండి.

బాత్రూం ఫ్యాను స్నానం అయ్యాక ఇంకో ఇరవై నిమిషాలు తిరిగేలా టైమర్ స్విచ్ పెట్టండి. దాని పైపు అటకలోకి కాకుండా ఇంటి బయటికి వెళ్తోందో లేదో ఎక్కి చూడండి. వాషింగ్ మెషీన్‌లో పిండిన ఒక లోడ్ బట్టల్లో సుమారు రెండు లీటర్ల నీళ్లుంటాయి. వాటిని గదిలో స్టాండు మీద ఆరేస్తే అవన్నీ గాలిలోకే. ఆరేయక తప్పని బట్టలుంటే బాత్రూంలో తలుపేసి, ఫ్యాన్ పెట్టి ఆరేయండి. పట్టుచీరలను ప్లాస్టిక్ కవర్లలో కాకుండా పాత నూలు పంచెలో చుట్టి, బయటి గోడకు ఆనని అరలో పెట్టండి.

ఇప్పటికే ఉన్న బూజు

గాలి ఆరినంత మాత్రాన పట్టిన బూజు మాయం కాదు. పెరగడం ఆగుతుంది, మరక, వాసన ఉండిపోతాయి. పది చదరపు అడుగుల లోపు ఉంటే, అంటే మూడడుగులు బై మూడడుగులు, మీరే శుభ్రం చేసుకోవచ్చని ఈపీఏ చెబుతుంది. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని సబ్బు నీళ్లతో రుద్ది ఆరబెట్టండి. బ్లీచ్ తప్పనిసరేం కాదు; పోసినా అమోనియా ఉన్న ఏ క్లీనర్‌తోనూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. కాగితం అంటించిన డ్రైవాల్, కార్పెట్ కింది పాడ్ లాంటివి లోపలిదాకా పీల్చేసుకుంటాయి కాబట్టి కోసి పారేయడమే దారి. పైన పెయింట్ వేసి కప్పేస్తే ఆ పెయింటే ఊడొస్తుంది.

టెక్సాస్‌లో ఒకేచోట 25 చదరపు అడుగులు, ఆ పైన బూజు ఉంటే దాన్ని తొలగించే పనికి రాష్ట్ర లైసెన్సు కావాలి. పరీక్ష చేసిన కంపెనీయే తొలగించే పని కూడా చేయకూడదన్నది అక్కడి చట్టం. ఉచితంగా పరీక్ష చేసి వెంటనే తొలగింపు కొటేషన్ చేతిలో పెట్టేవాళ్లను అక్కడితో పంపేయండి. కళ్లకు కనపడుతున్న బూజుకు ల్యాబ్ పరీక్ష చాలాసార్లు అనవసరం కూడా.

ఎంత సైజు

ఈ యంత్రాల సామర్థ్యాన్ని రోజుకు ఎన్ని పింట్లన్న లెక్కలో చెబుతారు: 70, 100, 130, 155 ఇలా. ఆ అంకె దగ్గరే మొదటి మోసం. చాలా బ్రోషర్లలో ఉండేది 80 డిగ్రీలు, 60 శాతం తేమ దగ్గర కొలిచింది. 2019 నుంచి ప్రభుత్వ లేబుల్ పరీక్ష ఇంటి మొత్తానికి పెట్టే యూనిట్లకు 73 డిగ్రీల దగ్గర, పోర్టబుల్ వాటికి 65 దగ్గర జరుగుతోంది. అంతకుముందు 70 పింట్లని అమ్మిన పోర్టబుల్ యూనిట్టే ఆ తర్వాత 50 పింట్ల లేబుల్‌తో వచ్చింది ఇందుకే. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు రెండు అంకెలూ ఒకే పరీక్షవేనా అని చూడండి. పైగా మీ ఇల్లు 75 డిగ్రీలు, 50 శాతానికి వచ్చాక అదే యంత్రం 80/60 అంకెలో సుమారు సగమే లాగుతుంది.

చదరపు అడుగుల పట్టికలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, వాటి మీద ఆధారపడొద్దు. తేమ భారంలో పెద్ద వాటా బయటి గాలిది. కొత్త ఇళ్లలో తాజా గాలి కోసం ఆష్రే (అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం) 62.2 ప్రమాణం ప్రకారం ఏర్పాటు ఉంటుంది: చదరపు అడుగులను 0.03తో గుణించి, పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి 7.5తో గుణించి, రెండూ కూడాలి. 2,500 అడుగుల నాలుగు పడకగదుల ఇంటికి 75, 37.5 కలిపి దాదాపు 112 సీఎఫ్ఎం. గల్ఫ్ తీరంలో ఎండాకాలం బయటి డ్యూ పాయింట్ 75 ఉండటం మామూలే. ఆ గాలి 112 సీఎఫ్ఎం చొప్పున రోజంతా లోపలికి వస్తే, ఇంటిని 50 శాతం దగ్గర ఉంచడానికి అందులోంచి తీయాల్సిన నీళ్లు సుమారు 110 పింట్లు. మనుషులు, వంట, స్నానాల లెక్క ఇంకా మొదలే కాలేదు! ఇందులో కొంత ఏసీ లాగుతుంది కాబట్టే సరిపోతోంది. తాజా గాలి డ్యాంపర్ (ఆ గాలి దారిని తెరిచే, మూసే పలక) ఎప్పుడూ తెరిచే ఉండిపోయిన ఇళ్లలో ఎంత పెద్ద యంత్రం పెట్టినా తేమ దిగకపోవడానికి ఇదే కారణం. కొనే ముందు మీ డ్యాంపర్ ఎక్కడుందో, రోజుకు ఎన్ని గంటలు తెరుచుకుంటోందో కనుక్కోండి.

గాలి చొరబాటు తక్కువున్న 2,500 అడుగుల ఇంటికి 80/60 లెక్కలో 100 పింట్ల యూనిట్, పాత ఇంటికి లేదా 3,500 దాటిన ఇంటికి 130 పింట్లది మొదటి అంచనాగా పెట్టుకోవచ్చు. అనుమానం ఉంటే పెద్దదే తీసుకోండి. ఏసీకి సైజు పెరిగితే నష్టం, దీనికి పెరిగితే తక్కువసేపు తిరుగుతుంది, అంతే.

ఈ యంత్రం ఇంటిని వేడి చేస్తుందన్న సంగతి కొందరు అమ్మకందార్లు చెప్పరు. నీటి ఆవిరి ద్రవమైనప్పుడు విడిచే వేడి, కంప్రెసర్ తినే కరెంటు, రెండూ గదిలోకే వస్తాయి. 100 పింట్ల యూనిట్ ఆపకుండా తిరిగితే గంటకు దాదాపు 7,000 బీటీయూల వేడి, అంటే అర టన్ను ఏసీకి పైగా పని. కరెంటు విషయానికొస్తే 700 వాట్ల యంత్రం రోజుకు 8 గంటలు నడిస్తే 5.6 యూనిట్లు, యూనిట్ 15 సెంట్లయితే నెలకు 25 డాలర్లు.

డక్టు ఎక్కడ కలపాలి

పని చెడేదంతా ఇక్కడే. యంత్రం మంచిదైనా డక్టు తప్పు చోట కలిపితే తేమ దిగదు, అదనంగా ఏసీ సామర్థ్యం పడిపోతుంది.

సరైన పద్ధతి: డీహ్యూమిడిఫైయర్‌కు సొంత రిటర్న్ (గది గాలిని లాక్కునే దారి), పొడి గాలి ఏసీ సప్లై ప్లీనంలోకి (చల్లగాలి డక్టులు మొదలయ్యే పెట్టెలోకి). కింది అంతస్తు హాల్లోనో, గదులన్నీ కలిసే వరండాలోనో 12 బై 12 అంగుళాల గ్రిల్ ఒకటి పెట్టి, అక్కడి నుంచి 8 లేదా 10 అంగుళాల డక్టు యంత్రం దాకా తేవాలి. సైజు మాన్యువల్లో ఉన్నదే, సొంత తెలివి వద్దు. గ్రిల్ వంటింటి పక్కన, బాత్రూం దగ్గర, గరాజ్ వైపు ఉండకూడదు. యంత్రం నుంచి వచ్చే గాలి ఏసీ కాయిల్ దాటాకే సప్లైలో కలవాలి. ఆ కలిసే డక్టులో ఒక బ్యాక్‌డ్రాఫ్ట్ డ్యాంపర్ (గాలిని ఒకే వైపు వదిలే పలక) తప్పనిసరి. లేకపోతే ఏసీ తిరిగినప్పుడు చల్లగాలి వెనక్కి తిరిగి, ఆగి ఉన్న డీహ్యూమిడిఫైయర్ గుండా హాల్లోకి తన్నుకొస్తుంది, యంత్రం లోపల చెమ్మ పడుతుంది.

చౌకగా కానిచ్చే పద్ధతి: ఏసీ రిటర్న్ డక్టులోంచి గాలి తీసి, మళ్లీ అదే రిటర్న్‌లోకి వదలడం. ఒక్క పూటలో అయిపోతుంది కాబట్టి ఇన్‌స్టాలర్లు దీనికే మొగ్గు చూపుతారు. ఇందులో పొడి గాలి గదుల్లోకి చేరాలంటే ఏసీ ఫ్యాన్ తిరగాలి. తిరిగితే ఆ గాలి తడి కాయిల్ మీదుగా పోయి, ఇప్పుడే తీసిన నీళ్లలో కొన్నింటిని మళ్లీ పీల్చుకుంటుంది. ఏసీ కూడా నడుస్తుంటే వేడి గాలి కాయిల్‌కు తగిలి దాని తేమ లాగే పని మందగిస్తుంది. కొన్ని కంపెనీల మాన్యువళ్లు దీన్ని ఒప్పుకుంటాయి నిజమే. వేరే చోటు అసలు లేకపోతే తప్ప ఒప్పుకోకండి.

అటకలో పోయే డక్టులకు ఆర్-8 ఇన్సులేషన్ ఉండాలి. ఫ్లెక్స్ డక్టును సాగదీసి బిగించాలి. మెలికలు, నొక్కులు ఉంటే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే యంత్రం కాయిల్ మీద మంచు కడుతుంది. జాయింట్లకు మాస్టిక్ (సందులు మూసే జిగురు ముద్ద) పూయించండి. బూడిద రంగు గుడ్డ టేపు అటక వేడికి రెండేళ్లలో ఊడిపోతుంది.

రెండు అంతస్తులకు రెండు ఏసీలున్న ఇంట్లో రెండు డీహ్యూమిడిఫైయర్లు అక్కర్లేదు. వారం రోజుల కొలతల్లో ఏ అంతస్తు ఎక్కువ తేమ చూపిందో అక్కడ ఒకటి పెట్టి, ఒక సీజన్ చూడండి.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు సమస్య వేరు, అక్కడ చెమ్మ బేస్‌మెంట్‌లో ఉంటుంది. ఎండాకాలం గాలి ఆడాలని బేస్‌మెంట్ కిటికీలు తెరిస్తే, 68 డ్యూ పాయింట్ ఉన్న గాలి వచ్చి 64 డిగ్రీల సిమెంటు గోడను తాకుతుంది. గోడ చెమర్చడానికి ఇంకేం కావాలి? కిటికీలు మూసి, అక్కడికే ఒక యూనిట్ పెట్టి నీళ్లు సంప్ పిట్‌లోకి వదలండి. క్రాల్‌స్పేస్ (నేలకు, ఇంటి అంతస్తుకు మధ్య పాకి వెళ్లే ఖాళీ) ఉన్న ఇళ్లలో ముందు మట్టిని ప్లాస్టిక్ షీటుతో కప్పాలి. కోడ్ ప్రకారం షీట్లు ఆరు అంగుళాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, టేపు వేసి, గోడ మీదికి ఆరు అంగుళాలు లేవాలి. బయటికి ఉన్న గాలి రంధ్రాలు మూయాలి. ఇవి చేయకుండా యంత్రం పెడితే అది ఊరి తేమంతా లాగుతూ కూర్చుంటుంది.

నీళ్ల దారి, కరెంటు

డ్రెయిన్‌కు ముప్పావు అంగుళం పీవీసీ, అడుగుకు కనీసం ఎనిమిదో వంతు అంగుళం వాలు. మాన్యువల్ అడిగితే పీ-ట్రాప్ (నీళ్లు నిలిచేలా వంచిన పైపు) పెట్టాలి. ఏసీ డ్రెయిన్‌తో కలపాల్సివస్తే ఏసీ ట్రాప్ దాటాకే కలపండి. ముందు కలిపితే ఒకదాని గాలి ఒత్తిడికి ఇంకోదాని నీళ్లు ఆగిపోతాయి. మురుగు పైపుకు నేరుగా బిగించకూడదు, మధ్యలో గాలి ఖాళీ ఉండాలి.

అటకలో పెడితే కింద పళ్లెం, పళ్లెంలో ఫ్లోట్ స్విచ్ (నీళ్లు చేరితే యంత్రాన్ని ఆపేది) లేకుండా పని ఒప్పుకోవద్దు. డ్రెయిన్ పూడిపోయి రోజుకు నలభై యాభై పింట్లు పడకగది సీలింగ్ మీద పడితే, బూజు ఆపడానికి పెట్టిన యంత్రమే బూజు పెంచుతుంది. పళ్లెం నుంచి వచ్చే రెండో పైపు కిటికీ పైన, అందరికీ కనపడేలా బయటికి రావాలి. అక్కడ నీళ్లు కారుతున్నాయంటే అసలు పైపు పూడినట్టు. ఆ నీళ్లు చూడటానికి శుభ్రంగా ఉంటాయి కానీ రాగి, అల్యూమినియం కాయిళ్ల మీదుగా వచ్చినవి. కరివేపాకు కుండీకి పోయొద్దు.

కరెంటుకు 115 వోల్టుల, 15 ఆంపుల సొంత సర్క్యూట్ ఉంటే మంచిది. ఫిల్టర్ తీసే వైపు 30 అంగుళాల ఖాళీ, అక్కడిదాకా నడవడానికి పలక, ఒక దీపం అడగండి. మనిషి చేరలేని చోట పెట్టిన ఫిల్టర్‌ను ఎవరూ మార్చరు.

కొటేషన్‌లో ఇవి రాతలో ఉండాలి: మోడల్ నంబరు, 73 డిగ్రీల దగ్గరి పింట్లు, రిటర్న్ ఎక్కడి నుంచి, సప్లై ఎక్కడికి, డ్యాంపర్, పళ్లెం, ఫ్లోట్ స్విచ్, పర్మిట్ ఎవరిది. ఇవి రాయడానికి నసిగే కాంట్రాక్టర్‌కు ఆ పని రాదు.

కంట్రోల్, మొదటి నెల

గదిలో తేమ చూసి యంత్రాన్ని నడిపే కంట్రోల్‌ను, రిటర్న్ గ్రిల్ ఉన్న అంతస్తులోనే, లోపలి గోడకు, ఏసీ గాలి నేరుగా తగలని చోట బిగించాలి. యంత్రంలోనే ఉన్న సెన్సర్‌ను వాడితే అది అటకలో డక్టు గాలిని చూసి నిర్ణయిస్తుంది, గదిని కాదు. థర్మోస్టాట్‌లో డీహ్యూమిడిఫైయర్ టెర్మినల్ ఉంటే దానికే కలపొచ్చు, కానీ అందులో తేమ కోసం గదిని అదనంగా చల్లబరిచే ఆప్షన్ ఉంటే ఆపేయండి. ఇప్పుడు దాని అవసరం లేదు, గోడలు చల్లబడటం తప్ప.

50 శాతం దగ్గర పెట్టండి. 40కి దించితే యంత్రం రోజంతా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, బూజు విషయంలో అదనపు లాభం లేదు. మొదటి వారం పది రోజులు అది ఆగకుండా తిరిగితే కంగారు పడొద్దు. చెక్క, డ్రైవాల్, కార్పెట్, పరుపులు దాచుకున్న తేమంతా బయటికి రావాలి. కొత్తగా కట్టిన ఇంట్లో సిమెంటు ఆరడానికి నెలలు పడుతుంది.

ఫిల్టర్‌ను మొదటి మూడు నెలలు నెలకోసారి తీసి చూడండి, ఆ తర్వాత మీ ఇంటి దుమ్మును బట్టి. ఎండాకాలం మొదట్లో డ్రెయిన్‌లో ఒక కప్పు తెల్ల వెనిగర్ పోస్తే పాచి పట్టదు. క్లోజెట్ తలుపులు కొద్దిగా తెరిచి ఉంచండి, వాడని గదుల గ్రిల్లులు మూయకండి. పొడి గాలి చేరని మూలలో ఈ యంత్రం ఉన్నా లేనట్టే.

తేమ దిగకపోతే

డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి ఒక గంట నీళ్లు పట్టండి. ఇల్లు 75 డిగ్రీలు, 50 శాతం పైన ఉండగా 100 పింట్ల యూనిట్ గంటకు రెండు పింట్లు, అంటే దాదాపు ఒక లీటరు ఇస్తే యంత్రం బాగుంది. అంత ఇస్తున్నా ఇంట్లో శాతం దిగట్లేదంటే బయటి గాలి ఎక్కడో దూరుతోంది: తెరుచుకుపోయిన తాజా గాలి డ్యాంపర్, ఫైర్‌ప్లేస్ డ్యాంపర్, అటక మూత, అన్నిటికంటే ముఖ్యంగా అటకలో చిరిగిన ఏసీ రిటర్న్ డక్టు. ఆ చిరుగు అటక గాలిని లాగి ఇల్లంతా పంచుతుంది. డక్టు లీకు పరీక్ష చేయించండి.

నీళ్లు అరకప్పే వస్తే యంత్రం వైపు చూడండి. మొదట ఫిల్టర్, తర్వాత నొక్కుకుపోయిన డక్టు, ఆ తర్వాత కాయిల్ మీద మంచు. బయటికి వచ్చే గాలి లోపలికి వెళ్లే గాలి కంటే పది పదిహేను డిగ్రీలు వేడిగా ఉండాలి. ఫ్యాన్ తిరుగుతూ రెండు గాలులూ ఒకే వేడిలో ఉంటే కంప్రెసర్ నడవట్లేదు లేదా గ్యాస్ కారిపోయింది. అది టెక్నీషియన్ పని. యంత్రం అసలు లేవకపోతే టెక్నీషియన్‌ను పిలిచే ముందు పళ్లెంలో నీళ్లున్నాయేమో చూడండి, పదిసార్లలో ఎక్కువ సార్లు ఫ్లోట్ స్విచ్చే.

శాతం 50 దగ్గర నిలకడగా ఉండి కూడా గ్రిల్ చుట్టూ నల్లబడుతుంటే, సీలింగ్‌కు, డక్టు పెట్టెకు మధ్య సందులోంచి అటక గాలి వచ్చి ఆ చల్లటి ఇనుముకు తగులుతోంది. గ్రిల్ విప్పి ఆ సందుకు మాస్టిక్ పూస్తే పోతుంది.

వేసవిలో ఇండియా వెళ్తున్నప్పుడు

బడికి సెలవులివ్వగానే జూన్, జులైల్లో ఐదారు వారాలు ఇల్లు మూసి వెళ్లే కుటుంబాలకు ఇదే అసలు గండం. కరెంటు ఆదా అని ఏసీ కట్టేసి వెళ్తే, తిరిగొచ్చేసరికి సోఫా వెనక, మంచం కింద, బట్టల అల్మారాలో బూజు పాకి ఉంటుంది. ఏసీని 80 లేదా 82 దగ్గర, డీహ్యూమిడిఫైయర్‌ను 55 శాతం దగ్గర పెట్టండి, రెండూ నడుస్తూ ఉండాలి. బయల్దేరే ముందు వారం కొత్త ఫిల్టర్ వేసి, డ్రెయిన్‌లో వెనిగర్ పోసి, ఫ్లోట్‌ను వేలితో ఎత్తి యంత్రం ఆగుతోందో లేదో చూడండి. ఇంటి నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేయండి, తాజా గాలి డ్యాంపర్ మూయండి. వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్ తలుపులు తెరిచి ఉంచండి. లోపలి గదుల తలుపులన్నీ తీసే ఉంచండి, క్లోజెట్లవి కూడా.

పోర్టబుల్ యూనిట్ మీద ఆధారపడుతుంటే దాని బకెట్ ఒక్క రోజులో నిండి ఆగిపోతుందని గుర్తుంచుకోండి. గొట్టం బిగించి షవర్ డ్రెయిన్‌లోకి వదలండి. వైఫై ఉన్న హైగ్రోమీటర్ ఒకటి హాల్లో వదిలి 65 దాటితే ఫోనుకు కబురొచ్చేలా పెట్టండి, తాళం చెవి పక్కింటివాళ్లకు ఇచ్చి, అటకలో యంత్రానికి ఉన్న స్విచ్, బ్రేకర్ బాక్సులో దాని నంబరు ముందే చూపించి వెళ్లండి.